పంచిన నదులు, పంచని ఊటలు

సింధు జలాల తగాదా దేశ విభజనతో పుట్టింది కాదు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1939లో, సింధ్ రాష్ట్రం పంజాబ్ మీద గవర్నర్ జనరల్‌కు ఫిర్యాదు చేసింది. అప్పుడు రెండూ ఒకే ప్రభుత్వం కింద ఉన్న రాష్ట్రాలు. సింధ్ బొంబాయి నుంచి విడిపోయి మూడేళ్లే అయింది. ఆ ఫిర్యాదు సారాన్ని మన కృష్ణా డెల్టా రైతుకు విడమరచి చెప్పక్కర్లేదు. పైనున్నవాళ్లు సట్లెజ్ మీద భాక్రా దగ్గర పెద్ద ఆనకట్ట కడతామంటున్నారు, అది కడితే మా కాలువలకు నీళ్లు ఎక్కవు అన్నది సింధ్ మొర.

ఎక్కవు అన్నది అక్షరాలా నిజం. సింధ్‌లో సక్కర్ బ్యారేజీ 1932లో వచ్చింది. దాని ఆయకట్టును పక్కన పెడితే, ఎగువనా దిగువనా సేద్యమంతా వరద కాలువల మీదే నడిచేది. ఆ కాలువలకు హెడ్‌వర్క్స్ ఉండవు, నదికి అడ్డుకట్ట ఉండదు. వేసవిలో హిమాలయాల్లో మంచు కరిగి, ఆ వెంటే వానలు పడి నది ఉబ్బితే ఆ ఉబ్బుకు నీళ్లు కాలువలోకి పారతాయి. నదిమట్టం కాస్త కిందికి దిగితే కాలువ ఉన్నా లేనట్టే. పైన ఎవరో నీళ్లు నిల్వ చేసుకుంటే దిగువ రైతు నష్టపోయేది ఆ నిల్వకు సమానమైన నీళ్లు మాత్రమే కాదు, ఆ మట్టం కూడా. ఈ చిన్న సంగతి అర్థం కాకపోతే సింధు లోయలో ఎనభై ఏళ్లుగా సాగుతున్న భయం అర్థం కాదు.

ఫిర్యాదును విచారించడానికి 1941లో ఒక కమిషన్ వేశారు. అధ్యక్షుడు బెనగళ్ నర్సింగరావు, అప్పుడు కలకత్తా హైకోర్టు జడ్జి. తర్వాత రాజ్యాంగ సభకు సలహాదారుగా అందరికీ తెలిసినవాడు ఆయనే. ఆయనతో పాటు ఇద్దరు ఇంజనీర్లు కూర్చున్నారు. 1942లో వాళ్లిచ్చిన నివేదిక ఈ దేశంలో నదీ వివాదాల చరిత్రకు తొలి మెట్టని చెప్పాలి.

అప్పటిదాకా ప్రపంచంలో రెండు వాదాలు ఉండేవి. ఒకటి ఎగువవాడిది: నా భూమి మీద పారే నీళ్లు నావి, నా ఇష్టం. 1895లో అమెరికా అటార్నీ జనరల్ జడ్సన్ హార్మన్ ఈ వాదానికి చట్టం మాట ఇచ్చాడు. రియో గ్రాండే నదిలో నీళ్లు ఎగువన అమెరికా రైతులు తోడేస్తుంటే దిగువన మెక్సికో పొలాలు ఎండిపోతున్నాయని మెక్సికో మొరపెట్టుకుంటే, అంతర్జాతీయ న్యాయం ప్రకారం మాకు ఏ బాధ్యతా లేదని ఆయన రాసిచ్చాడు. రెండోది దిగువవాడి వాదం: అనాదిగా వచ్చే ప్రవాహం ఒక్క చుక్క తగ్గకుండా రావాలి. రెండూ చివరిదాకా పట్టుకుంటే నది మీద ఒక్క కొత్త ఎకరానికీ నీళ్లు రావు.

రావు కమిషన్ రెండింటినీ కాదంది. ఇలాంటి వివాదాలు మాట్లాడుకుని తేల్చుకోవడమే అన్నిటికన్నా మేలు, ఒప్పందం కుదరకపోతే ఉమ్మడి నదిలో ప్రతి రాష్ట్రానికీ న్యాయమైన వాటా కట్టాలి అంది. ఈ సూత్రానికి ఆధారం అమెరికాలో రాష్ట్రాల మధ్య వచ్చిన సుప్రీంకోర్టు తీర్పులు. కాన్సస్ రాష్ట్రం కొలరాడో మీద వేసిన కేసులో 1907లో వచ్చిన తీర్పు వాటిలో పాతది. విచిత్రం ఏమంటే, మెక్సికోకు మాకేం బాధ్యత అన్న అమెరికాయే తన రాష్ట్రాల మధ్య మాత్రం వాటాల న్యాయం నడిపింది. మెక్సికోతోనూ ఆ మాట మీద నిలబడలేదు. 1906లో ఒప్పందం చేసుకుని ఏటా 60,000 ఎకరా అడుగుల నీళ్లు, అంటే మన లెక్కలో రెండున్నర టీఎంసీలకు పైగా, వదలడానికి ఒప్పుకుంది.

నివేదిక సింధ్‌కూ నచ్చలేదు, పంజాబ్‌కూ నచ్చలేదు. అయినా రెండు రాష్ట్రాల చీఫ్ ఇంజనీర్లు కూర్చుని 1945 నాటికి ఒక ముసాయిదా రాసుకున్నారు. నీళ్ల లెక్క కుదిరింది, డబ్బు లెక్క కుదరలేదు. సింధ్‌కు జరిగే నష్టం పూడాలంటే అక్కడ కొత్త బ్యారేజీలు కట్టాలి. వాటి ఖర్చులో పంజాబ్ ఎంత ఇవ్వాలన్న దగ్గర బేరం తెగలేదు. వ్యవహారం లండన్ దాకా పోయింది. అది అక్కడుండగానే దేశం రెండయింది.

1947 ఆగస్టు 17న రాడ్‌క్లిఫ్ గీసిన సరిహద్దు గీత బయటికొచ్చింది. కాలువల వ్యవస్థను రెండు దేశాలూ కలిసి నడుపుకుంటే బాగుంటుందని ఆయన అన్నా అటు జిన్నా గానీ ఇటు నెహ్రూ గానీ ఒప్పుకోలేదు. గీత కాలువల మీదుగా పోయింది. రావి మీది మాధోపూర్ హెడ్‌వర్క్స్, సట్లెజ్ మీది ఫిరోజ్‌పూర్ హెడ్‌వర్క్స్ భారత్‌లో ఉండిపోయాయి. వాటి కింద పారే కాలువలు, వాటి ఆయకట్టు చాలావరకు పాకిస్థాన్‌కు పోయాయి. తూము ఒక దేశంలో, మడి ఇంకో దేశంలో. తాత్కాలికంగా ఉన్నది ఉన్నట్టు సాగనిద్దామని డిసెంబర్‌లో ఒక ఒప్పందం చేసుకున్నారు. దాని గడువు 1948 మార్చి 31. పంపకాల తగువులు తీర్చే మధ్యవర్తుల ట్రిబ్యునల్ గడువు కూడా అదే రోజుతో ముగిసింది.

మర్నాడే తూర్పు పంజాబ్ ప్రభుత్వం అప్పర్ బారీ దోఆబ్ కాలువ నుంచి పాకిస్థాన్ వైపు పోయే పాయలకూ, ఫిరోజ్‌పూర్ నుంచి పోయే దీపాల్‌పూర్ కాలువకూ నీళ్లు ఆపేసింది. ఖరీఫ్ విత్తనాల వేళ. లాహోర్ చుట్టుపక్కల కాలువలు ఎండిపోయాయి. విభజన హత్యాకాండ నుంచి ప్రాణాలతో బయటపడి, ఎవరో వదిలిపోయిన పొలాల్లో కొత్తగా కాలు మోపిన శరణార్థులు ఆ ఆయకట్టులో ఎందరో ఉన్నారు. నది తూర్పు పంజాబ్‌ది, కావాలంటే నీళ్లకు డబ్బు కట్టండి అన్నది ఇటువైపు వాదన. హార్మన్ మాటే, అమృత్‌సర్ యాసలో. మే 4న ఢిల్లీలో నెహ్రూ సమక్షంలో ఒక ఒప్పందం రాసుకున్నాక నీళ్లు వదిలారు. అది ఐదు వారాల ముచ్చటే. కానీ ఆ ఐదు వారాలను పాకిస్థాన్ ఈనాటికీ మరిచిపోలేదు. భారత్‌లో చాలామందికి ఆ సంగతే తెలియదు. సింధు జలాల గురించి రెండు దేశాలూ ఒకరి మాట ఒకరికి ఎక్కకుండా మాట్లాడుకోవడానికి ఈ తేడా ఒక ముఖ్య కారణం.

ఆ ఏడాదే లాహోర్ పక్కన పాకిస్థాన్ హుటాహుటిన ఒక కాలువ తవ్వించింది. చీనాబ్ నీళ్లను తమ భూమి మీదుగానే మళ్లించి, భారత్ నుంచి వచ్చే పాత కాలువల కొసలకు అందించాలని పథకం. వేలమంది పలుగూ పారా పట్టుకుని స్వచ్ఛందంగా వచ్చి తవ్వారు. బంబావాలీ–రావి–బేడియన్ కాలువ అది. భారత సైన్యం రికార్డుల్లో దాని పేరు ఇఛోగిల్ కాలువ. 1965 యుద్ధంలో భారత పటాలాలు లాహోర్ వైపు వెళ్లి ఆగింది దాని గట్టు దగ్గరే. సేద్యానికి తవ్విన కాలువ కోట కందకమైంది.

1951 ఫిబ్రవరిలో డేవిడ్ లిలియంతాల్ అనే అమెరికన్ ఇక్కడికొచ్చాడు. టెనెసీ లోయ పథకానికి నాయకత్వం వహించి పేరు తెచ్చుకున్నవాడు. రెండు దేశాలూ తిరిగి చూసి, ఇక్కడ ఇంకో కొరియా యుద్ధం తయారవుతోందని ఆగస్టులో కాలియర్స్ పత్రికలో రాశాడు. రాజకీయాలు పక్కనపెట్టి, ఇంజనీర్లను కూర్చోబెట్టి సింధు నదీవ్యవస్థ మొత్తాన్ని ఒకే యూనిట్‌గా కలిసి అభివృద్ధి చేయించాలి, ప్రపంచ బ్యాంకు సాయం చేయాలి అన్నది ఆయన సూచన. బ్యాంకు అధ్యక్షుడు యూజీన్ బ్లాక్ ఆ సూచనను అందుకుని నెహ్రూకూ పాకిస్థాన్ ప్రధాని లియాఖత్ అలీ ఖాన్‌కూ ఉత్తరాలు రాశాడు. 1952 మేలో వాషింగ్టన్‌లో రెండు దేశాల ఇంజనీర్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. వీళ్లలో చాలామంది ఐదేళ్ల కిందట ఒకే పంజాబ్ నీటిపారుదల శాఖలో పనిచేసినవాళ్లు. అదే గేజ్ పుస్తకాలు చదివి పెరిగినవాళ్లు. అంకెల మీద కొట్లాడుకున్నారు తప్ప, అంకె అంటే ఏమిటో ఒకరికొకరు చెప్పుకోవలసిన పని వాళ్లకు లేదు. ఈ చర్చలు నిలబడటానికి ఈ పరిచయమే ఆధారమైందని అనిపిస్తుంది.

అయినా కలిసి నడపడం వాళ్ల వల్ల కాలేదు. రెండేళ్లు చూసి, 1954 ఫిబ్రవరి 5న బ్యాంకే ఒక ప్రతిపాదన ముందు పెట్టింది. నీళ్లు పంచొద్దు, నదులే పంచుకోండి అన్నది దాని సారాంశం. తూర్పు నదులు సట్లెజ్, బియాస్, రావి భారత్‌కు. పడమటి నదులు సింధు, జీలం, చీనాబ్ పాకిస్థాన్‌కు. లెక్క చూస్తే తూర్పు మూడింటిలో ఏటా సుమారు 33 మిలియన్ ఎకరా అడుగులు, అంటే 1,400 టీఎంసీల పైచిలుకు. పడమటి మూడింటిలో దానికి నాలుగింతలు. భారత్ త్వరగానే సరేనంది. పాకిస్థాన్ నాన్చింది. నాన్చడానికి కారణం ఉంది. లాహోర్, ముల్తాన్, బహావల్‌పూర్ పొలాలకు ఇన్నాళ్లూ పారింది తూర్పు నదుల నీళ్లే. ఇప్పుడు వాటి చోటికి పడమటి నీళ్లు తేవాలంటే వందల మైళ్ల కాలువలు, పెద్ద జలాశయాలు కావాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? 1945లో సింధ్, పంజాబ్‌లను విడగొట్టిన ప్రశ్నే మళ్లీ ఎదురైంది. ఈసారి దానికి జవాబు దొరకడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

జవాబు డబ్బే. 1960 సెప్టెంబర్ 19న కరాచీలో నెహ్రూ, పాకిస్థాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్, బ్యాంకు తరఫున ఇలిఫ్ సంతకాలు చేసిన సింధు జలాల ఒప్పందంలో 12 అధికరణాలు, 8 అనుబంధాలు ఉన్నాయి. ఐదో అధికరణం ప్రకారం భారత్ 6 కోట్ల 20 లక్షల 60 వేల పౌండ్లు పది సమాన వార్షిక వాయిదాల్లో కట్టాలి. మిగతా ఖర్చుకు అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, పశ్చిమ జర్మనీ, ప్రపంచ బ్యాంకు కలిసి సింధు పరీవాహక అభివృద్ధి నిధి ఏర్పాటు చేశాయి. 1965లో లాహోర్ సెక్టార్‌లో ట్యాంకులు కాల్చుకున్న ఏడాది కూడా భారత్ తన వాయిదా కట్టింది. ఒప్పందం గురించి చెప్పే కథల్లో దీనికి దక్కాల్సినంత చోటు దక్కదు. శత్రువుకు కాలువ తవ్వడానికి డబ్బు కట్టిన దేశం తన మాటకు ఎంత విలువిచ్చిందో ఆ ఒక్క చెల్లింపు చెబుతుంది.

నెహ్రూను పార్లమెంటులో చీల్చి చెండాడారు. ఎనభై శాతం నీళ్లు అప్పనంగా ఇచ్చేశారన్నారు. సరిహద్దుకు అటువైపు అయూబ్‌నూ అలాగే తిట్టారు, మూడు నదులు అమ్ముకున్నాడని.

ఒప్పందం తర్వాత సింధు లోయలో జరిగిన నిర్మాణం మామూలుది కాదు. జీలం మీద మంగ్లా ఆనకట్ట 1967లో పూర్తయింది. సింధు మీద తర్బేలా ఆ తర్వాతి దశకంలో నీళ్లు పట్టింది. పడమటి నీళ్లను తూర్పు పొలాలకు మోసే లింకు కాలువలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఇటువైపు భాక్రా, పోంగ్, బియాస్–సట్లెజ్ లింకు, థార్ ఎడారిలోకి పోయే రాజస్థాన్ కాలువ. మంగ్లా కింద పాత మీర్‌పూర్ పట్టణం మునిగింది. లక్షకు పైగా జనం ఇళ్లు వదిలారు. వాళ్లలో చాలామంది వర్క్ పర్మిట్లు తీసుకుని బ్రిటన్ వెళ్లి బ్రాడ్‌ఫర్డ్, బర్మింగ్‌హామ్‌లలో మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో చేరారు. ఈనాడు బ్రిటన్‌లో ఉన్న పాకిస్థానీ కుటుంబాల్లో పెద్ద భాగం ఆ మీర్‌పూర్ వైపువే. జలాశయం దిగితే పాత ఊరి గుడి, దర్గా గోడలు ఇప్పటికీ బయటపడతాయి. శ్రీశైలం ముంపు గ్రామాలవాళ్లకు ఇది తెలియని దృశ్యం కాదు.

ఒప్పందాన్ని నిలబెట్టింది మాత్రం ఆనకట్టలు కావు. ఆరో, ఎనిమిదో అధికరణాలు. ఆరోదాని ప్రకారం నదుల్లో రోజువారీ గేజ్ మట్టాలు, ప్రవాహాలు, జలాశయాల నిల్వలు, కాలువలకు తీసిన నీళ్లు, ఈ లెక్కలన్నీ ప్రతినెలా ఒక దేశం ఇంకో దేశానికి పంపాలి. ఎనిమిదోదాని ప్రకారం ఒక్కో దేశానికి ఒక్కో కమిషనర్. ఆ ఇద్దరూ కలిస్తే శాశ్వత సింధు కమిషన్. ఏడాదికి కనీసం ఒకసారి, ఒకసారి ఇక్కడా ఒకసారి అక్కడా కలవాలి. ఐదేళ్లకోసారి నదుల వెంట తిరిగి పనులు చూడాలి. కమిషనర్ అంటే రాజకీయ నాయకుడు కాదు, సాధారణంగా నీటిపారుదల ఇంజనీరు. యుద్ధాలు వచ్చాయి, రాయబారులు వెనక్కి వెళ్లారు, రైళ్లు ఆగాయి, క్రికెట్ ఆగింది. గేజ్ లెక్కలు మాత్రం దశాబ్దాల పాటు వెళుతూనే ఉన్నాయి. 2022 మేలో ఢిల్లీలో జరిగింది ఆ కమిషన్ 118వ సమావేశం.

తగాదాలు లేవని కాదు. చీనాబ్ మీద భారత్ తలపెట్టిన సలాల్ ప్రాజెక్టు ఎత్తు మీద పేచీ వస్తే 1978లో రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని తేల్చాయి. అదే నది మీది బగ్లిహార్ విషయంలో పాకిస్థాన్ తటస్థ నిపుణుణ్ణి కోరితే, స్విస్ ఇంజనీరు రేమండ్ లాఫిట్ 2007లో తీర్పిచ్చాడు. కిషన్‌గంగ ప్రాజెక్టు పేచీ మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి వెళ్లింది. నీళ్లు మళ్లించుకునే హక్కు భారత్‌కుంది, కానీ నదిలో సెకనుకు కనీసం 9 ఘనపు మీటర్లు వదలాలి అని 2013లో తేలింది. ఆ కనీస ప్రవాహం అన్న మాట 1960 ఒప్పందంలో ఎక్కడా లేదు. యాభై ఏళ్లలో లోకం తెలుసుకున్నదాన్ని న్యాయస్థానం ఒప్పందంలోకి చదివింది.

ఆ యాభై ఏళ్లలో రావు సూత్రం ఏమైందో కూడా చెప్పుకోవాలి. అంతర్జాతీయ న్యాయ సంఘం 1966లో హెల్సింకీలో ఆమోదించిన నియమాలకు న్యాయమైన వాటా అన్న భావనే ఆయువుపట్టు. 1997లో ఐక్యరాజ్యసమితి చేసిన నదీజలాల ఒడంబడికకూ అంతే. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. సింధు లోయ పేచీలో రావు చెప్పిన ఈ న్యాయం రచ్చ గెలిచింది గానీ ఇంట గెలవలేకపోయింది. ఐరాస ఒడంబడిక మీద ఓటింగ్ జరిగినప్పుడు భారత్, పాకిస్థాన్ రెండూ ఓటు వేయకుండా కూర్చున్నాయి. సింధు మీద అవి నడిపింది కలిసి వాడుకునే న్యాయం కాదు, గిరిగీసుకుని విడిపోయే న్యాయం.

విడిపోయిన దాని ఫలితం రావిలో కనిపిస్తుంది. ఒప్పందం ప్రకారం ఆ నీళ్లన్నీ భారత్‌వి. 2001లో రంజిత్‌సాగర్ ఆనకట్ట పూర్తయ్యాక, వరద రోజులు తప్పిస్తే లాహోర్ దగ్గర రావిలో పారేది ఎక్కువగా నగరం వదిలే మురుగే. భారత్ ఏ నిబంధనా మీరలేదు. తన వాటా తాను వాడుకుంది. నది చచ్చిపోకుండా కొన్ని నీళ్లు ఉంచాలన్న ఆలోచన ఆ కాగితం రాసిన రోజుల్లో ఎవరికీ రాలేదు. అంతకన్నా పెద్ద లోపం ఒకటుంది. లాహోర్‌కు దశాబ్దాలుగా తాగునీరు ఇచ్చేది భూగర్భమే. నది పారుతుంటే ఇంకే నీళ్లే ఆ ఊటకు ఆధారం. ఒప్పందం నదిని పంచింది, నది కింద ఉన్న నీటి సంగతి ఎత్తనే లేదు.

ఊళ్లో అన్నదమ్ములు పొలం గట్టు వేసి పంచుకున్నా బావి మాత్రం ఉమ్మడిగా ఉంచి వంతులు రాసుకుంటారు. ఊట గట్టును చూసి ఆగదని వాళ్లకు తెలుసు. ఆ ఇంగితం 1960 కాగితంలో లేదు. నిజానికి అప్పట్లో పాకిస్థాన్ పంజాబ్‌కు భూగర్భ జలంతో ఉన్న చిక్కు పూర్తిగా వేరు. నూరేళ్ల కాలువ సేద్యంతో నీటిమట్టం పైకి పైకి వచ్చి, భూములు ఊబెక్కి, ఉప్పు తేలి పాడయ్యాయి. అయూబ్ 1961లో అమెరికా వెళ్లినప్పుడు కెనెడీతో దీని గురించి మాట్లాడితే, రోజర్ రెవెల్ అనే శాస్త్రవేత్త నాయకత్వంలో ఒక బృందం వచ్చింది. ట్యూబ్‌వెల్స్ వేసి నీళ్లు తోడండి, ఉప్పు దిగుతుంది, పంటకూ నీళ్లు దొరుకుతాయి అన్నారు. తోడారు. ఇటువైపు హరిత విప్లవం వచ్చింది. వరి వచ్చింది, ఉచిత కరెంటు వచ్చింది. ఒక తరం తిరిగేసరికి గీతకు రెండువైపులా అడుగంటడం మొదలైంది.

ఉపగ్రహాలు భూమి గురుత్వాకర్షణలో తేడాలు కొలిచి భూగర్భ జలం ఎంత తరిగిందో చెప్పగలవు. 2002 నుంచి 2008 దాకా రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 109 ఘనపు కిలోమీటర్ల నీరు తరిగిపోయిందని 2009లో నేచర్ పత్రికలో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అంటే దాదాపు 3,850 టీఎంసీలు. తూర్పు నదులు మూడింటి ఏడాది ప్రవాహానికి రెండున్నర రెట్లకు పైనే. ఆ నీటి గురించి రెండు దేశాల మధ్య ఒక్క గేజ్ లెక్క కూడా చేతులు మారలేదు. దాన్ని అడిగే అధికరణం లేదు.

ఊటను పంచుకోవడం అసాధ్యమా అంటే, స్విట్జర్లాండ్‌లోని జెనీవా అసాధ్యం కాదని చూపించింది. నగరం కింద ఉన్న భూగర్భ జలధార ఫ్రాన్స్ సరిహద్దు దాటి పోతుంది. రెండువైపులా ఎవరికి తోచినట్టు వాళ్లు తోడితే 1970ల నాటికి మట్టం ఏడు మీటర్ల దాకా పడిపోయింది. 1978లో జెనీవా కాంటన్, ఫ్రాన్స్‌లోని హోత్-సావోయ్ ప్రిఫెక్ట్ ఒప్పందం రాసుకున్నారు. ఆర్వ్ నది నీళ్లను శుద్ధి చేసి వెస్సీ అనే చోట భూమిలోకి ఇంకించే కేంద్రాన్ని జెనీవా తన ఖర్చుతో కట్టింది. 1980లో అది పని మొదలుపెట్టింది. ఫ్రెంచ్ వైపు ఏటా 50 లక్షల ఘనపు మీటర్ల దాకా తోడుకోవచ్చు. అందులో 20 లక్షలు ఉచితం, ఆపైన ఇంకింపు ఖర్చులో వాటా కట్టాలి. ప్రతి బావికీ మీటరు. ముగ్గురు స్విస్, ముగ్గురు ఫ్రెంచ్ సభ్యుల కమిషన్. ఒప్పందం గడువు తీరాక 2007లో మరో ముప్పై ఏళ్లకు కొత్తది రాసుకున్నారు. చిన్న ఊట, డబ్బున్న ఊళ్లు, పగలేని పొరుగు. అవన్నీ నిజమే. కానీ వాళ్లు చేసిన పనిలో పంజాబ్‌లో చేయలేనిదేమీ లేదు. తోడే నీళ్లు కొలవడం, ఆ కొలత పక్కవాడికి చూపడం, ఇంకించే ఖర్చు పంచుకోవడం. అంతే.

2008లో ఐరాస అంతర్జాతీయ న్యాయ కమిషన్ సరిహద్దులు దాటే భూగర్భ జలాల మీద 19 ముసాయిదా అధికరణాలు రాసింది. సాధారణ సభ వాటిని దేశాల దృష్టికి తెచ్చి ఊరుకుంది. అవి ఇంకా ఒడంబడిక కాలేదు.

ఈ లోపం సరిహద్దులకే పరిమితం అనుకుంటే పొరపాటు. కృష్ణా నది మీద 1969లో వేసిన బచావత్ ట్రిబ్యునల్ కూడా రావు కమిషన్ చూపిన దారిలోనే, న్యాయమైన వాటా సూత్రం మీదే నడిచింది. 75 శాతం ఆధారపడదగిన 2,060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800గా పంచిన లెక్క తెలుగు రైతుకు కంఠతా వచ్చు. అదే తుది ఉత్తర్వులో ఇంకో మాట ఉంది. పరీవాహకంలో ఎవరి భూభాగంలోని భూగర్భ జలాన్ని వాళ్లు స్వేచ్ఛగా వాడుకోవచ్చు, దాన్ని కృష్ణా నీటి వాడకం కింద లెక్కించరు. తోడే నీళ్లకు లెక్కాపత్రం లేకపోతే ఏమవుతుందో అనంతపురం, మహబూబ్‌నగర్ పొలాల్లో వెయ్యి అడుగులు దించినా చెమ్మ తగలని బోర్లు చెబుతాయి. ఈ నిబంధనకు మూలం పాతదే. నేల కింద దారి తెలియని నీరు నేల యజమానిదని 1843లో ఇంగ్లండ్ కోర్టు యాక్టన్ వర్సెస్ బ్లండెల్ కేసులో చెప్పింది. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం ఆ న్యాయాన్ని మద్రాసు ప్రెసిడెన్సీలోకీ తెచ్చింది. నేల కింద నీటి నడక తెలియని రోజుల్లో చెప్పిన న్యాయం అది. ఇప్పుడు తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాల్టా చట్టం 2002లో వచ్చి బావుల మధ్య దూరాలు రాసింది గానీ రాష్ట్రాల మధ్య ఊటల మాట ఎక్కడా లేదు.

పహల్గాం దాడి మర్నాడు, 2025 ఏప్రిల్ 23న, భారత్ సింధు ఒప్పందాన్ని నిలుపుదలలో పెట్టినట్టు ప్రకటించింది. అంతకుముందే 2023 జనవరిలో, మళ్లీ 2024లో ఒప్పందాన్ని మార్చుకుందామని పాకిస్థాన్‌కు నోటీసులిచ్చి ఉంది. హేగ్‌లో కూర్చున్న మధ్యవర్తిత్వ న్యాయస్థానం తన అధికారం తనకుందని అంది. ఆ న్యాయస్థానాన్నే గుర్తించం అని భారత్ అంది. 2025 ఆగస్టులో తావి, రావి, సట్లెజ్ ఉగ్రరూపం దాల్చాయి. మాధోపూర్ బ్యారేజీ గేట్లు కొన్ని కొట్టుకుపోయాయి. లాహోర్ శివార్లలో, రావి ఇక రాదనుకుని దాని ఒడిలోనే కట్టుకున్న కాలనీలు మునిగాయి. వరద హెచ్చరికను భారత్ మానవతా దృష్టితో పంపింది. కానీ సింధు కమిషనర్ నుంచి సింధు కమిషనర్‌కు కాదు, ఇస్లామాబాద్‌లోని హైకమిషన్ ద్వారా. ఎంత నీరు ఎప్పుడు ఎక్కడికి చేరుతుందో అంకెల్లో మాట్లాడుకునే ఇద్దరు ఇంజనీర్ల మధ్య దారి మూసి, ఆ పని దౌత్య కార్యాలయానికి అప్పగించారు. దీనిలో ఎవరికీ లాభం లేదు. వరద ఇటు గురుదాస్‌పూర్‌నూ ముంచింది, అటు నారోవాల్‌నూ ముంచింది.

రెండు దేశాలూ మళ్లీ బల్ల దగ్గర కూర్చునే రోజు వస్తే, పాత ఒప్పందమే బతికించుకుంటారో కొత్తది రాసుకుంటారో రాజకీయం తేలుస్తుంది. ఏది చేసినా మొదట ఇచ్చిపుచ్చుకోవలసింది అమృత్‌సర్, లాహోర్ జిల్లాల బావుల్లో నీటిమట్టాల లెక్క. నెలకోసారి, నదుల గేజ్ లెక్కల్లాగే. దానికి ఆనకట్ట అక్కర్లేదు, విదేశీ నిధి అక్కర్లేదు, ఎవరి వాటా నుంచీ ఒక్క క్యూసెక్కు పోదు. బావి గట్టున నిలబడి టేపు వదిలి మట్టం రాసుకునే ఉద్యోగులు రెండువైపులా ఇప్పటికే ఉన్నారు.